రెండు మోతల మధ్య

రెండు తుపాకీ మోతలు నా చెవుల్లో ఉండిపోయాయి. ఒకదాని వెంట ఒకటి. మధ్యలో ఒక మనిషిని పేరు పెట్టి పిలిచేంత వ్యవధి, అంతే. ఇన్నేళ్ళూ వాటిని మోస్తూనే బతికాను. వండాను, తిన్నాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. గుళ్ళో ఎవరైనా కొబ్బరికాయ కొడితే ఉలిక్కిపడి, పక్కవాళ్ళు చూస్తే నవ్వేశాను. ఆ వ్యవధి ఎంతో నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నాకదే హాయి.

ముందే ఒక మాట. నా మీద జాలి పడకండి, క్షమించేయకండి. నేను అడగలేదు. ఇవాళ మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వంటింట్లో కోడలు ప్రసాదం చేస్తోంది. నేను గేటు కనబడేలా వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరైనా వెనకనుంచి తొంగి చూసినా భయం లేదు, ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పిల్లలకి మాట అర్థమవుతుంది, రాత రాదు. తెలుగులో రాయడం కూడా దాక్కోవడమేనా? కావచ్చు. కానీ నాకు ఇందులో తప్ప నిజం చెప్పడం చేతకాదు.

మాది మలాయి దేశంలో, సుంగై పెటానికి దగ్గర. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. నాన్న పొద్దున్నే రబ్బరు చెట్లు గీసి పాలు తీసేవాడు, మధ్యాహ్నం తోట తుపాకీ పట్టుకుని పందుల్ని తోలేవాడు. నేను పెద్దదాన్ని, తమ్ముడు అప్పలసామి నా తర్వాత. నాన్న తుపాకీ తుడవడం వాడికి నేర్పబోయాడు. వాడికి ఆ వాసన పడలేదు. నేను నేర్చుకున్నాను. ఆడదానికి తుపాకుల గోలేమిటి అని మీకు అనిపిస్తే అనిపించనీ. మా తోటలో ఏ తుపాకీ ఎటు పేలిందో ఇంట్లో కూర్చుని మోత విని చెప్పగలిగేదాన్ని. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా ఆయనకి పామాయిల్ తోట ఉండేది, చిన్నదే. పందుల కోసం తుపాకీ లైసెన్సు ఇచ్చారు. ఆ రోజుల్లో వన్యప్రాణి శాఖ వాళ్ళు కణుజుకి కూడా వేట పర్మిట్ ఇచ్చేవారు, ఇప్పుడు ఆపేశారు. రుసా అంటారిక్కడ. పెద్ద జింక. తోటకి అవతల, ఒకప్పుడు రబ్బరు నరికేసి వదిలేసిన చోట, పొదలు మనిషెత్తున కమ్ముకుని ఉండేవి. బెలుకార్ అంటాం. అందులో చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. కణుజులు పగలంతా అక్కడే పడుకునేవి.

మా ఆయన మంచివాడు, కానీ వేటగాడు కాడు. మోటారు సైకిల్ మీంచి పడి కుడి భుజం ఎముక విరిగితే, అది వంకరగా అతుక్కుంది. ఒంటి గొట్టం తుపాకీ పేలితే వెనక్కి తన్నే తన్ను ఆ భుజానికి తగిలి ప్రాణం పోయేది. అందుకని పేలకముందే కళ్ళు మూసుకునేవాడు. ఎదురుగా వచ్చిన కణుజుని అలాగే వదిలేశాడు, ఒకసారి కాదు. వేట జట్టులో మగాళ్ళందరూ నవ్వారు. తుపాకీ పట్టుకుని దణ్ణం పెట్టుకుంటున్నాడన్నారు. ఆయనా నవ్వాడు. నాకే కడుపు మండింది. తుపాకీ తుడిచిన ఇంటి పిల్లని కదా, నా మొగుణ్ణి అంటారా?

అందుకే కొత్త తుపాకీ నేను ఎంచాను. కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. కొట్టు యజమాని, చీనా తౌకే, బల్ల మీద మూడు పెట్టి, మలాయిలో మా ఆయనతోనే మాట్లాడాడు, నేను గోడకి తగిలించిన క్యాలెండర్ అన్నట్టు. మొదటిది జంట గొట్టాలది. చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది, కానీ పొడుగు. పొదల్లో ప్రతి తీగకీ తగులుకుంటుంది. రెండోది సరికొత్త సెమీ ఆటోమేటిక్, మా తాహతుకి మించినది. మూడోది కూడా సెమీ ఆటోమేటిక్కే, ఎవరో వాడి అమ్మేసినది. కర్ర మీద గీతలు, గొట్టం పొట్టి. ఒకసారి నింపుకుంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది. పేలినప్పుడు పుట్టే గాలిలో కొంత లోపలి పనికే పోతుంది కాబట్టి భుజానికి తన్ను సగమే. రైఫిలు మాలాంటి వాళ్ళకి ఇవ్వరు. ఇచ్చినా ముందున్న ఆకు తప్ప ఏమీ కనబడని చోట అంత దూరం వెళ్ళే తూటాతో ఏం చేస్తాం? పొదల్లో కావలసింది పొట్టి గొట్టం, తక్కువ బరువు, మెత్తని తన్ను. నేను మూడోదాన్ని ఎత్తి భుజానికి ఆనించి ఫ్యానుకి గురి పెట్టాను. లోపల వేలు పెట్టి చూశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, నూనె వాసనే, తుప్పు లేదు. మందు తక్కువున్న తూటా వేస్తే డొల్ల బయటికి రాకుండా ఇరుక్కుంటుందా అని మలాయిలో అడిగాను. తౌకే చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, అప్పుడు నా వైపు తిరిగాడు.

మంచి తుపాకీ అది. ఇవాళ మళ్ళీ ఎంచమన్నా అదే ఎంచుతాను. దాని మీద నెట్టేసి నేను తప్పించుకోను.

తప్పు ఎక్కడుందో అర్థం కావాలంటే మా వేట పద్ధతి చెప్పాలి. తుపాకీ ఉన్నవాడు పొదల అంచున నిలబడతాడు. తోలేవాళ్ళు అవతలినుంచి కత్తి పట్టుకుని వస్తారు. తుపాకీ ఒక్కసారి పేలుతుంది. ఆ మోతే పిలుపు. మోత వినగానే, దగ్గరలో ఉన్న తోలేవాడు నోరు విప్పకుండా తుపాకీ వైపు ఉరకాలి. అరిస్తే దెబ్బ తిన్న జంతువు లేచి పారిపోతుంది. ఎందుకు ఉరకొచ్చంటే, తుపాకీ అప్పుడు ఖాళీ. కాల్చినవాడు దాన్ని మధ్యకి విరిచి తెరిచి, కాలే డొల్లని లాగి, కొత్తది పెట్టి మూయాలి. ఒక బీడీ వెలిగించుకునేంత సేపు. ఆలోపు చేరుకోవాలి. చేరలేకపోయావా, ఉన్నచోటే నేలకి కరుచుకోవాలి. ఆ తర్వాత లేచి కదిలితే పాపం కదిలినవాడిదే. మా నాన్న పెట్టిన పద్ధతి ఇది. పిచ్చి పద్ధతి అంటారేమో. అందరి దగ్గరా ఒంటి గొట్టాలే ఉన్నంతకాలం ఒక్కడికీ గీత పడలేదు.

మా కొత్త తుపాకీని చూసి, జట్టుకి పెద్ద అయిన సూరి మామ తల అడ్డంగా ఊపాడు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పొదల్లో ఉన్నంతసేపూ అందులో ఒకటే తూటా. "మీ నాన్న మాట లా, మరిసిపోకు," అని నాతోనే అన్నాడు, మా ఆయనతో కాదు. మాట చివర లా అనడం ఇక్కడి అలవాటు. వేటకి ముందు సూరి మామే తెరిచి చూసేవాడు. ఒకటే ఉండేది.

చూసి వెళ్ళాక ఇంకో రెండు లోపలికి తోసేయమని మా ఆయనకి చెప్పింది నేను.

ఆయన ఒప్పుకోలేదు. నేను వాదించాను. రెండో తూటా దెబ్బ తిన్న జంతువు మీద దయే అన్నాను. ఎవడు చూస్తాడు అన్నాను. మళ్ళీ వట్టి చేతులతో వచ్చి నవ్వించుకుంటావా అని కూడా అన్నాను. ఆ మాటకి ఆయన తల దించుకుని తూటాలు జేబులో వేసుకున్నాడు. నాకు అప్పుడే అనిపించలేదా, మోత విని ఉరికేవాడు ఉంటాడు కదా అని? అనిపించింది. మా ఆయన జాగ్రత్తపరుడు, రెండోది అవసరమైతేనే వాడతాడులే అనుకున్నాను. తోలేవాళ్ళలో నా తమ్ముడు ఉన్నాడని తెలిసీ అనుకున్నాను. తెలియక చేశానని రాయగలిగితే ఎంత బావుండేది.

ఆ ఉదయం వాన వెలిసింది. వాగు నిండుగా పారుతోంది. భుజం వల్ల మా ఆయన బండి నడపలేడు కాబట్టి లారీ నేనే తోలాను. పొదల ఇవతల, ఆయన నిలబడిన చోటికి దగ్గర్లో ఆపి కూర్చున్నాను. సూరి మామ, మిగతావాళ్ళు పొదల వెనకున్న వాగు అవతల, తమ్ముడొక్కడే ఇవతల. మొదటి మోత వినబడింది. నవ్వుకున్నాను కూడా. వెంటనే రెండోది. ఆ వెనకే మా తమ్ముడి అరుపు.

నేను వెళ్ళేసరికి మా ఆయన గుంజలా నిలబడి ఉన్నాడు. ఆకులు కదిలాయి, కణుజు లేచిందనుకున్నాను అన్నాడు, పదేపదే అదే మాట. పాత తుపాకీలో అయితే ఆ వేలు ఎంత తొందరపడినా ఏమీ అయ్యేది కాదు. తమ్ముడు మోకాలు పట్టుకుని బురదలో ఉన్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్ళానా ముందు? లేదు. తుపాకీ అందుకున్నాను. లోపల మిగిలిన మూడో తూటా తీసి జాకెట్టులో దోపుకున్నాను. ఆ తర్వాతే నా చీర చెంగు చింపి వాడి కాలికి కట్టాను. ఈ రెండు పనుల వరస నాకు ఎప్పుడూ మరపు రాలేదు.

వాగు దాటి వచ్చిన సూరి మామ తుపాకీ తెరిచి చూశాడు. ఖాళీ. వాగు హోరులో వాళ్ళకి మోతలు సరిగ్గా తెలియలేదు. రెండోది ఎంతసేపటికి పేలిందని నన్నే అడిగాడు. నా చెవి మీద వాళ్ళకి అంత గురి. చాలాసేపటికి, అన్నాను. మళ్ళీ నింపుకుని ఆగాకే పేలింది అన్నాను. సూరి మామ మా తమ్ముడి వైపు చూసి, "అయ్యో, ఆలీసం సేసినావురా," అన్నాడు. అక్కడితో తీర్పు అయిపోయింది.

పోలీసులకీ అదే చెప్పాను. ప్రమాదం అని రాసుకున్నారు. లైసెన్సు రద్దు చేశారు, తుపాకీ పట్టుకుపోయారు. పోలీసులకి చెప్పిన అబద్ధానికి నేను సిగ్గుపడను, ఇవాళ అడిగినా అదే చెబుతాను. మొగుణ్ణి జైలుకి పంపి పిల్లల్ని ఎలా పెంచేదాన్ని? సూరి మామకి చెప్పినదాన్ని కూడా ఎలాగో మింగేశాను. మింగలేనిది ఇంకొకటి ఉంది.

ఆసుపత్రిలో తమ్ముడి మోకాలిలోంచి సీసం గుళ్ళు తీశారు. కాలు ఇక వంగదన్నారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. వాడు కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పా, నిజం సెప్పు. నాను లేటైపోయినానా?"

"ఏటిరా ఇప్పుడా గోల. తొంగో."

"కాదప్పా. మోత ఇనగానే ఉరికినాను. మద్దిలో రోతాన్ తీగ ముల్లు సొక్కా పట్టేసింది. ఇడిపించుకున్నాను. అంతే లా. అంతసేపు పట్టిందేటి?"

అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. వాడు ఎవరికీ చెప్పేవాడు కాడు, నాకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు. నేను వాడి కళ్ళలోకి చూసే అన్నాను.

"పట్టింది రా. నువ్వు లేటైపోయినావు."

వాడు నా చెయ్యి వదిలేశాడు. "అయితే బావని ఏటీ అనొద్దని అందరికీ సెప్పు. తప్పు నాదే," అన్నాడు.

నేను చేసిన తప్పు ఇది. తుపాకీ కాదు, తూటాలు కూడా కాదు. కాలు పోయినవాడి దగ్గర, వాడి మీద వాడికున్న నమ్మకం కూడా తీసేసుకున్నాను.

ఆ తర్వాత మా తమ్ముడు దేనికీ ఆలస్యంగా రాలేదు. మీకు నవ్వొస్తుందేమో, మా వాళ్ళందరికీ వస్తుంది. పది గంటలకి పెళ్ళంటే, పందిరి వేసేవాళ్ళు ఇంకా కుర్చీలు దించకముందే వచ్చి నిలబడతాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పని చేసినన్నాళ్ళూ తన షిఫ్టుకి ముందు షిఫ్టు సగంలో ఉండగానే చేరేవాడు. బస్సుకి, డాక్టరుకి, చావుకి, అన్నిటికీ ముందే. కర్ర ఊతంగా ఆ కాలు ఈడ్చుకుంటూ. పిల్లలు వాడికి ముందొచ్చే మామయ్య అని పేరు పెట్టారు. వాడూ నవ్వుతాడు. ఏ పనైనా మొదలు పెట్టేముందు పక్కవాణ్ణి అడుగుతాడు, ఇది సరేనా, నాకు తెలీదు లా, నువ్వు సెప్పు అని. చీకటి పొదల్లో జంతువు ఊపిరి విని దారి కనిపెట్టినవాడు.

మా ఆయన చెప్పేద్దామన్నాడు, చాలాసార్లు. నేనే చెప్పనివ్వలేదు. ఒక్కోసారి అరిచి ఆపాను, ఒక్కోసారి అన్నం మానేసి ఆపాను. ఆయన చెప్పకుండానే పోయాడు. శవం దగ్గరికి అందరికంటే ముందు వచ్చింది తమ్ముడే. వంగని కాలు పక్కకి చాపి, నేల మీద కూలబడి, మా ఆయన పాదాలు పట్టుకుని అన్నాడు: "నా వల్ల నీ తుపాకీ పోయింది బావా. నన్ను మన్నించు."

నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. అప్పుడూ చెప్పలేదు. జనం ఉన్నారని నాకు నేను చెప్పుకున్నాను. ఆసుపత్రిలో జనం లేరు కదా, అప్పుడెందుకు చెప్పలేదు? ఇప్పుడు కాపాడాల్సిన మొగుడు కూడా లేడు. మిగిలింది నా పరువు ఒక్కటే. దాన్ని కాపాడుకోవడానికి వాణ్ణి ఇంకా ఎన్ని పందిళ్ళ కింద ముందుగా నిలబెట్టాలి?

నిన్న వాడింటికి వెళ్ళాను. వ్రతానికి పిలవడానికి అన్నాను. వస్తున్నానని ఫోన్ చేశాను కాబట్టి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నాడు, ఎప్పటినుంచో. లోపలికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పేశాను. మూడు తూటాలు, నా మాట మీద. తుపాకీ ఖాళీ కాలేదు. నేను విన్నాను, వినీ అబద్ధం చెప్పాను. ఏడవలేదు. మన్నించమని అడగలేదు. అడిగితే వాడు వెంటనే మన్నిస్తాడు, అది నాకు తెలుసు. అలా దొరికేది నాకక్కర్లేదు.

వాడు కర్ర బల్లకి ఆనించాడు. తర్వాత, ఆ మోతలు ఎలా పేలాయో కొట్టి చూపించమన్నాడు. పిడికిలితో బల్ల మీద కొట్టాను. ఒకటి. ఆగాను. రెండు. ఇన్నేళ్ళుగా వింటున్నదే కదా. మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ కొట్టాను. ఈసారి వాడు మొదటి దెబ్బకి కళ్ళు మూసుకుని, చొక్కా చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని, ముల్లు విడిపించుకున్నట్టు లాగాడు. లాగడం అయ్యీ అవకముందే నా రెండో దెబ్బ పడింది.

"ఇంతేనా?" అన్నాడు.

అంతే అన్నాను.

వాడు చొక్కా చెయ్యి వదల్లేదు. నా వైపు చూడలేదు. "ఇంక ఎల్లు అప్పా," అన్నాడు. గేటు దాకా రాలేదు. వాడు నన్ను గేటు దాకా సాగనంపకపోవడం ఇదే మొదటిసారి.

బండిలో కూర్చున్నాక ఒళ్ళు తేలికైంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా తేలికైంది. దానికి నేను అర్హురాలినా అని అడక్కండి, కాను. అయినా అయింది. ఇవాళ పూజ అయ్యాక మిగతా అందరి ముందూ చెబుతాను. నవ్విన ప్రతివాడూ వినాలి. ఆ తర్వాత వాళ్ళు నన్ను ఏమన్నా అనుకోనీ, నా ఇంట్లో తినడం మానేయనీ. నాకు లెక్కలేదు.

పూజ పది గంటలకని వాడికి చెప్పాను. ఎప్పుడైనా ఏడింటికే వచ్చి గేటు దగ్గర కర్ర చప్పుడు చేసేవాడు. ఏడయింది. ఎనిమిదయింది. పీటలు వేశారు, అయ్యగారు వచ్చారు. పది దాటింది. కోపంతో రావడం లేదా? ఇక ఎప్పటికీ రాడా? లేక ఇంట్లో కుర్చీలో కాలు చాపుకుని, తొందరేముంది అని కూర్చున్నాడా? నాకు తెలియదు. ఫోన్ చేయను. చేసే హక్కు నాకు లేదు.

కోడలు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. ముహూర్తం దాటిపోతోందట, మొదలు పెట్టేద్దామంటోంది. కుదరదన్నాను. అయ్యగార్ని కూర్చోమను, మళ్ళీ కాఫీ ఇవ్వు అన్నాను.

మా తమ్ముడు ఆ రోజు ఆలస్యం చేయలేదు. ఇవాళ చేస్తున్నాడు. ఎంతసేపైనా చేయనీ.